వైశాఖ పౌర్ణమి రాత్రి స్తూపాల గేట్లు మూయవద్దు: ఇద్దరు మంత్రులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రివర్యులకు,

నమస్కారాలు.

కృష్ణకు ఒక ఒడ్డున అమరావతి, ముంపు నుంచి తరలించిన నాగార్జునకొండ కట్టడాలను తిరిగి నిలబెట్టిన అనుపు, నాగార్జునకొండ మ్యూజియానికి వెళ్లే పడవల రేవు ఉన్నాయి. రెండో ఒడ్డున 2022లో ప్రారంభమైన బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనం ఉంది. ఏటి మధ్యలో రాష్ట్రాల సరిహద్దు ఉన్నా బుద్ధ పౌర్ణమి రెండు ఒడ్డులకూ ఒకే రోజున వస్తుంది కనుక ఈ లేఖను మీ ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. ఆ రోజుకు సెలవు ఇమ్మని గానీ, కొత్త విగ్రహం పెట్టమని గానీ అడగబోవడం లేదు. పౌర్ణమి రాత్రి చంద్రుడు నడినెత్తికి వచ్చేదాకా ఆ స్థలాల గేట్లు తెరిచి ఉంచి, జనం తమ చేతులతో పండగ చేసుకోవడానికి వీలు కల్పించండి. నేను కోరేది అంతే. ఇతర దేశాల్లో ఈ పండగ ఎలా జరుగుతుందో చూస్తే ఇది ఎంత మామూలు కోరికో మీకే అర్థమవుతుంది.

మనవైపు బుద్ధ పౌర్ణమి నాడు పొద్దున్నే విగ్రహానికి పూలమాల పడుతుంది, తర్వాత షామియానా కింద సభ జరుగుతుంది, ఓపిక ఉన్నచోట సాయంత్రం నృత్య ప్రదర్శన కూడా ఉంటుంది. దీన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఇది పౌర్ణమి పండగ. వెన్నెల వచ్చే వేళకు కుర్చీలు లారీ ఎక్కి, స్తూపం గేటుకు తాళం పడితే ఇక పండగలో మిగిలేదేముంది?

శ్రీలంకనే చూడండి. అక్కడ వెసాక్‌కు, అంటే బుద్ధ పౌర్ణమికి, రెండు రోజుల సెలవు ఉంటుంది, మద్యం, మాంసం దుకాణాలు మూసేస్తారు. బ్రిటిష్ పాలనలో వెసాక్ సెలవును అమెరికా నుంచి వచ్చిన కర్నల్ ఆల్కాట్, సింహళ బౌద్ధులు కలిసి పోరాడి సాధించుకున్నారు. 1885 ఏప్రిల్ 28న వెసాక్ నాడే బౌద్ధ పతాకం మొదటిసారి ఎగిరింది. పగలంతా తెల్లబట్టలు కట్టుకున్న జనం విహారాల్లో అష్టశీలం అనే ఎనిమిది నియమాలు పాటిస్తూ కూర్చుంటారు, చీకటి పడగానే ఊరంతా రోడ్డు మీదికి వస్తుంది. వెదురు బద్దలు చీల్చి, దారంతో ఎనిమిది పలకల చట్రం కట్టి, రంగుల పలుచని కాగితం అంటించి, కింద కాగితపు తోకలు వేలాడదీసిన లాంతరు ప్రతి ఇంటి చూరుకూ కనిపిస్తుంది. వాటిని పిల్లలూ పెద్దలూ వారం పదిరోజుల ముందునుంచే కూర్చుని తయారుచేస్తారు. కూడళ్లలో వేల బల్బులతో తోరణాలు లేస్తాయి, వాటి మీది బొమ్మల్లోని జాతక కథను, అంటే బుద్ధుడి పూర్వజన్మ కథను, ఒకరు మైకులో పద్యాలుగా పాడి వినిపిస్తారు.

వీటన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది అక్కడి దన్సల. వీధి చివర పందిరి వేసి, దారిన పోయేవాళ్లందరికీ ఉచితంగా తిండి పెట్టడమే దన్సల. ఒకచోట అన్నం కూర పెడతారు, ఇంకోచోట ఉడికించిన కర్రపెండలం కొబ్బరి పచ్చడితో ఇస్తారు, మరోచోట మారేడు పూలు మరిగించిన పానీయం పోస్తారు, ఐస్‌క్రీం పంచేవాళ్లూ ఉంటారు. కుర్రాళ్లు రోడ్డు మధ్యకు వచ్చి జెండాలు ఊపి బస్సును ఆపి, కిటికీల్లోంచి గ్లాసులు అందించేదాకా వదలరు. దీనికయ్యే బియ్యం, కట్టెలు, కష్టం అన్నీ ఆ వీధివాళ్లవే. ప్రభుత్వం చేసేది ఒక్కటే: దన్సల పెట్టేవాళ్లు ముందుగా నమోదు చేసుకోవాలి, ప్రజారోగ్య ఇన్‌స్పెక్టరు వచ్చి నీళ్లూ వంటా శుభ్రంగా ఉన్నాయో లేదో చూసి వెళతాడు. ప్రభుత్వం పని ఎక్కడ ఆగాలో, జనం పని ఎక్కడ మొదలవాలో తెలిసిన ఏర్పాటు అది. మండుటెండల వైశాఖంలో చలివేంద్రం పెట్టి మజ్జిగ పోసే అలవాటు ఉన్న మనకు ఇది కొత్తగా నేర్పవలసిన విద్య కాదు.

ప్రభుత్వం ఈ హద్దు దాటితే ఏం జరుగుతుందో వియత్నాం చరిత్రలో ఉంది. 1963 మే 8న హ్యూ నగరంలో, బుద్ధ జయంతి నాడు బౌద్ధ పతాకాలు ఎగరేయరాదన్న ఆంక్షపై నిరసన తెలిపిన జనం మీద అప్పటి దక్షిణ వియత్నాం ప్రభుత్వ బలగాలు విరుచుకుపడగా తొమ్మిదిమంది చనిపోయారు. నెల తిరగగానే సైగాన్ కూడలిలో భిక్షువు థిచ్ క్వాంగ్ దుక్ ఆత్మాహుతి చేసుకున్నారు. ఆ ఏడాది చివరికి ఆ ప్రభుత్వమే కూలిపోయింది. అదే వియత్నాం 2025 మేలో ఐక్యరాజ్యసమితి వెసాక్ ఉత్సవాలకు ఆతిథ్యమిచ్చినప్పుడు భారతదేశం నుంచి బుద్ధుని ధాతువులను (అస్థి అవశేషాలను) తీసుకెళ్లి హోచిమిన్ నగరంలోనూ, హనోయ్‌లోనూ, మరికొన్ని చోట్లా దర్శనానికి ఉంచారు. లక్షల మంది గంటల తరబడి వరుసల్లో నిలబడి చూశారు. సారనాథ్‌లోని మూలగంధకుటి విహారం నుంచి వెళ్లిన ఆ ధాతువులు అసలు 1927, 1931 మధ్య మన నాగార్జునకొండ తవ్వకాల్లో దొరికినవేనని, 1932లో వాటిని మహాబోధి సొసైటీకి అప్పగించారని భారత ప్రభుత్వమే చెప్పింది. మన నాగార్జునకొండలో దొరికినదాన్ని చూడటానికి వియత్నాం జనం నిద్ర మానుకుంటే, మనం ఆ కొండకు వెళ్లే ఆఖరి పడవ ఎన్నింటికని మాత్రమే అడుగుతున్నాం.

మన పరిస్థితికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఇండోనేషియా. అది ముస్లింలు అధిక సంఖ్యలో ఉన్న దేశం, బౌద్ధులు నూటికి ఒక్కరు కూడా లేరు, బోరోబుదూర్ వెయ్యేళ్లు దాటిన పురాతన కట్టడం, దాని మీద పర్యాటక శాఖకూ పురావస్తు శాఖకూ కన్ను ఉంది. అయినా 1983 నుంచి వైసాక్ అక్కడ జాతీయ సెలవుదినం. పండగకు ముందు ఉంబుల్ జుంప్రిత్ ఊట నుంచి నీళ్లు, భూమిలోంచి ఎగసే మ్రాపెన్ జ్వాల నుంచి నిప్పు తెస్తారు. ఆ నీటినీ నిప్పునూ మెందుత్ ఆలయంలో ఉంచి, అక్కడి నుంచి పావోన్ మీదుగా బోరోబుదూర్ దాకా కాలినడకన ఊరేగింపుగా వెళతారు. పౌర్ణమి ఘడియ లెక్కగట్టి ఏ క్షణాన వస్తుందో, అది నట్టనడిరాత్రి అయినా సరే, సరిగ్గా ఆ క్షణానికి వేలమంది కళ్లు మూసుకుని ధ్యానంలో కూర్చుంటారు. తర్వాత కాగితపు లాంతర్లు ఆకాశంలోకి వదులుతారు.

ఆ లాంతర్ల దృశ్యమే అక్కడ ఒక చిక్కు తెచ్చిపెట్టింది. 2013లో కెమెరాలతో వచ్చిన సందర్శకులు ప్రార్థిస్తున్న భిక్షువుల మీదికి ఎగబడ్డారని, వానవల్ల లాంతర్లు వదలకపోతే అల్లరి చేశారని దేశమంతా విమర్శలు వచ్చాయి. పండగను చూడటానికి వచ్చేవాళ్లు పండగ చేసుకునేవాళ్లను తోసేస్తే ఏమవుతుందో వాళ్లు అలా తెలుసుకున్నారు. 2022 ఫిబ్రవరిలో అక్కడి మంత్రిత్వ శాఖలూ, స్థానిక ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకుని బోరోబుదూర్‌ను బౌద్ధుల ఆరాధనకు కూడా ఉపయోగించవచ్చని గుర్తించాయి. మన రెండు శాఖల అధికారులు ముందుగా చదవవలసింది ఆ ఒప్పందాన్ని.

కొరియా సంగతి వేరు. అక్కడి లాంతర్ల పండగ 2020లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. సియోల్ నడిబొడ్డున జోంగ్నో రోడ్డును ట్రాఫిక్‌కు మూసి, తామరలాంతర్లు పట్టుకున్న జనానికి అప్పగిస్తారు. ఒక్కొక్క కాగితపు రేకునూ కొస మెలితిప్పి చట్రానికి జిగురుతో అంటించే పని విహారాల భక్తులు స్వయంగా చేసుకుంటారు. థాయిలాండ్‌లో కొవ్వొత్తి, అగరువత్తులు, తామర మొగ్గ పట్టుకుని గుడి చుట్టూ మూడుసార్లు తిరిగితే పండగ అయినట్టే. మయన్మార్‌లో బోధివృక్షానికి కుండలతో నీళ్లు పోస్తారు, ఎండకు వాడిన చెట్టుకు అంతకంటే ఏం కావాలి? జపాన్‌వాళ్లు చాంద్రమానం వదిలేసి ఏప్రిల్ 8నే పూలమందిరంలో బాలబుద్ధుడి బొమ్మ మీద తియ్యటి తేనీరు పోస్తారు. టిబెటన్లకు నెల అంతా పండగే.

తేదీల తేడా మీ శాఖలకు ఉపయోగపడే విషయం. 1999 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ వెసాక్‌ను గుర్తించింది కానీ అన్ని దేశాలూ ఒకే పౌర్ణమి నాడు చేసుకోవు. 2023లో మనకూ శ్రీలంకకూ మే 5న వస్తే, కొరియాలో మే 27న, థాయిలాండ్‌లో జూన్ 3న జరిగింది. అలాంటి ఏడాదిలో థాయి యాత్రికుడు మన పండగకూ వచ్చి, ఇంటికెళ్లి తన పండగా చేసుకోగలడు. కనీసం ఏడాది ముందు మన తేదీని ఆ దేశాల రాయబార కార్యాలయాలకు తెలియజేయడానికి పైసా ఖర్చు కాదు.

ఆ దేశాలకు మన స్థలాలతో ఉన్నది ఉత్తుత్తి బంధుత్వం కాదు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో, అంటే మూడో శతాబ్దిలో, ఉపాసిక బోధిసిరి నాగార్జునకొండలో వేయించిన శాసనం కశ్మీరం, గాంధారం, చీనా నుంచి ద్రవిడం, తామ్రపర్ణి ద్వీపం (నేటి శ్రీలంక) దాకా ధర్మాన్ని వ్యాపింపజేసిన సింహళ స్థవిరులను, అంటే పెద్ద భిక్షువులను, స్మరిస్తుంది; అక్కడి సింహళ విహారం పేరు కూడా అందులోనే ఉంది. మాచర్లకు దగ్గరలోని గోలి గ్రామ స్తూపంలో దొరికిన పలకల మీద వెస్సంతర జాతకం చెక్కి ఉంది. శ్రీలంక తోరణాల మీద ఇప్పటికీ పాడుతున్న కథల్లో అదొకటి. గోలి పలకలు చెన్నై మ్యూజియంలో ఉన్నాయి, అది వేరే లేఖకు సంబంధించిన బాధ. టిబెటన్ సంప్రదాయం ప్రకారం బుద్ధుడు కాలచక్ర తంత్రం బోధించింది ధాన్యకటకంలో, అంటే నేటి అమరావతి ప్రాంతంలో; 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర నిర్వహించినప్పుడు వేలమంది అక్కడ గుడారాల్లో ఉన్నారు. జనం వస్తే పెట్టుకోగల ఊరేనని అప్పుడే తేలిపోయింది.

పురావస్తు శాఖ నిబంధనల ప్రకారం రక్షిత కట్టడాలను సూర్యాస్తమయం తర్వాత తెరవకూడదని మీ కార్యదర్శులు చెబుతారు. నిజమే. కానీ అదే శాఖ, సుప్రీంకోర్టు అనుమతితో, 2004 నుంచి తాజ్‌మహల్‌ను పౌర్ణమికి అటూ ఇటూ కలిపి నెలకు ఐదు రాత్రులు తెరుస్తోంది, శుక్రవారాలకూ రంజాన్ నెలకూ మినహాయింపుతో. వెన్నెల్లో పాలరాయి చూడటానికి నెలకు ఐదు రాత్రులు దొరికినప్పుడు, బుద్ధుడు పుట్టి, జ్ఞానం పొంది, నిర్వాణం చెందాడని నమ్మే రోజున అమరావతి మహాచైత్యానికి ఏడాదికి ఒక్క రాత్రి దొరకదా? ఆ అనుమతి కోరుతూ మీ ఇద్దరి సంతకాలతో ఒక ఉత్తరం ఢిల్లీకి వెళితే దాని బరువు వేరుగా ఉంటుంది.

నాగార్జునకొండకు రాత్రిపూట పడవలు నడపమని నేను అడగను. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరి పర్యాటకుల పడవను ఎలా ముంచిందో ఎవరం మరచిపోలేదు. దానికి బదులు ఒడ్డునే ఉన్న అనుపు చాలు, ఎదురుగా బుద్ధవనం ఎలాగూ ఉంది. రాళ్లకు నూనె, మసి అంటకుండా దీపాలను ప్రదక్షిణ దారికి బయట ఇసుక పళ్లెరాల్లో పెట్టిస్తే పురావస్తు శాఖకు అభ్యంతరం ఉండకూడదు. ఎండిన గడ్డి ఉండే రోజులు కనుక ఆకాశ లాంతర్లు మాత్రం వద్దు. ఆ రాత్రికి టికెట్టు వద్దు, వేదిక వద్దు, సినిమా పాటలు అసలే వద్దు. మంచినీళ్లు, మరుగుదొడ్లు, దారి పొడవునా వెలుతురు, మాచర్ల నుంచీ, గుంటూరు నుంచీ, నల్గొండ నుంచీ వచ్చి తిరిగి వెళ్లడానికి బస్సులు, ఒక అంబులెన్సు ఉంటే చాలు. తిండి పందిళ్లు పెట్టుకుంటామన్న గ్రామసంఘాలకూ, విహారాలకూ ఆహార భద్రతా అధికారి ముందే వచ్చి చూసి అనుమతి ఇవ్వాలి.

ఇదంతా నిర్ణయించేముందు, ఈవెంట్ సంస్థలను పిలవకముందే, ఈ పండగను ఏటా తమ సొంత ఖర్చుతో జరుపుకుంటున్న మన బౌద్ధులను పిలిచి మాట్లాడండి. వారిలో ఎక్కువమంది 1956లో అంబేడ్కర్ చూపిన దారిన నడిచినవారు. ఏ చోట ఏం చేయాలో, ఏం చేయకూడదో వారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. వైశాఖానికి కనీసం మూడు నెలల ముందు ఆ సమావేశం అనుపులోనే జరిపించి, అందులో తీసుకున్న నిర్ణయాలను రెండు ప్రభుత్వాలూ ఒకే ఉత్తర్వుగా బయటపెట్టాలని విజ్ఞప్తి చేస్తున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
మాచర్ల.