పచ్చితోలు పాంపూటీలు ఇక అమ్మడం లేదు

నమస్తే అండీ, ఐర్లండ్‌లో గాల్వేలోని మన తోలు షాపు నుంచి. ఈ నెల నుంచి పచ్చితోలు (పదును చేయని తోలు) పాంపూటీలను తొడుక్కోవడానికి అమ్మడం ఆపేస్తున్నాం. షోకేసులో పెట్టుకుంటామంటే చేసిస్తాం. కాళ్లకు వేసుకునేవి మాత్రం ఇకపై పదును చేసిన తోలుతోనే.

కొత్తగా చూస్తున్నవాళ్లకు: పాంపూటీలంటే ఐర్లండ్ పడమటి తీరంలోని అరన్ దీవుల్లో రైతులు, జాలర్లు వేసుకున్న పాదరక్షలు. ఒకే ఆవుతోలు ముక్కను వెంట్రుకలు బయటికి ఉండేలా పాదం చుట్టూ మడిచి, వేళ్ల దగ్గర, మడమ దగ్గర గాలపు తాడుతో బిగిస్తారు. హీలు లేదు, మేకు లేదు. ఆ దీవుల్లో ఎటు చూసినా చీలికలు పడ్డ సున్నపురాయే. 1898లో అక్కడికి వెళ్లిన ఐరిష్ రచయిత జె.ఎం. సింగ్ (Synge) బూట్లను ఆ రాళ్లు కోసేస్తే, బస ఇచ్చిన ఇంటివాళ్లే ఆయనకో జత పాంపూటీలు చేసిచ్చారు.

మరి మీ దగ్గర్నుంచి వచ్చే మెసేజ్‌లేమో "గట్టిపడిపోయాయి, మడమ కోసుకుంది, వాసన" అని. నిజమే. పచ్చితోలు ఆరితే డప్పులా బిగుసుకుంటుంది. అందుకే దీవులవాళ్లు రాత్రి విప్పి నీళ్లలో వేసేవారు, పగలు మధ్యమధ్యలో అలల్లోకి దిగి తడుపుకొనేవారు. డబ్లిన్ ఫ్లాట్‌లో, హీటింగ్ పక్కన ఇదంతా ఎవరు చేస్తారు? తడిగానే వదిలేస్తే కుళ్లుతుంది. మీరెంత జాగ్రత్తగా చూసుకున్నా అంతే.

కొత్తవాటి సంగతీ చెప్పేస్తాను. వెంట్రుకలుండవు, వాసన రాదు, నానబెట్టక్కర్లేదు. కానీ తడి రాయి మీద జారతాయి. అరన్ ట్రిప్‌కి దయచేసి వేసుకెళ్లకండి, ఇంట్లోకే బాగుంటాయి. వీటిని "అసలైన పాంపూటీలు" అని అమ్మను, ట్యాగ్ మీద "అరన్ తరహా" అనే ఉంటుంది. తోలు ఖరీదు వల్ల జతకు పది యూరోలు పెరిగింది. ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లకు పాత ధరే. వద్దనుకుంటే మొత్తం వాపసు, ఏమీ అనుకోను. ఆవుతోలు అభ్యంతరమైతే మాత్రం ఆర్డర్ పెట్టకండి. గొర్రెతోలుతో చేయమని కొందరు అడిగారు గానీ, అది పలచన, అడుగున తొందరగా అరిగిపోతుంది.

ఇండియాకు కొత్తవే పంపుతాం, పచ్చితోలువి పంపలేం.

ఇంకొకటి, సైజు నంబర్ పంపకండి. సాక్సుతో కాగితం మీద నిలబడి, రెండు పాదాల చుట్టూ గీత గీసి, వేళ్ల చివరి నుంచి మడమ దాకా ఎన్ని సెంటీమీటర్లో పక్కన రాసి ఫొటో పెట్టండి.