స్పోర్ట్స్ ఫిజియో చదువులో మైదానం ఏది?

సంపాదకులకు నమస్కారం.

స్పోర్ట్స్ ఫిజియోథెరపీకి మంచి గిరాకీ ఉందని మీ కెరీర్ పేజీలో చదివి మా పిన్ని కూతురు ఆ కోర్సులో చేరతానంటోంది. చేరమనే చెప్పాను. అయితే ఆ చదువు చదివినదాన్ని కాబట్టి ఒక సంగతి రాయాలనిపించింది.

నేను నాలుగున్నరేళ్లు బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ), తర్వాత రెండేళ్లు ఎంపీటీ (అందులోనే పీజీ) స్పోర్ట్స్ చేశాను. ఎంపీటీలోనూ నేను చూసినవాళ్లలో ఎక్కువమంది మోకాళ్ల నొప్పులతో వచ్చే పెద్దవాళ్లే. నొప్పి తగ్గించడానికి వాడే ఐఎఫ్‌టీ (సన్నటి కరెంటు పెట్టేది), అల్ట్రాసౌండ్ మెషిన్లు కళ్లు మూసుకుని పెట్టగలను. మైదానంలో ఉన్నది మాత్రం మొత్తం ఆరు రోజులు, అదీ కాలేజీ స్పోర్ట్స్ మీట్‌లో.

చదువైపోయాక వచ్చిన సంక్రాంతికి మా మండలంలో కబడ్డీ పోటీలకు ఫిజియోగా పిలిచారు. రెండో రోజు సాయంత్రం రైడర్‌ను పట్టబోయి ఇద్దరు డిఫెండర్లు తలలు గుద్దుకున్నారు. ఒకబ్బాయి లేవలేదు. నేను పరుగెత్తేలోపే నలుగురు చంకల కింద చేతులు వేసి లేపేశారు, మొహాన నీళ్లు కొట్టారు. "స్ప్రే కొట్టండి మేడం, సరిపోద్ది" అన్నారు. మెడకు దెబ్బ తగిలిందేమోనని అనుమానముంటే కదపకూడదని, తలకు దెబ్బ తగిలి తికమకగా ఉన్నవాళ్లను ఆ రోజు మళ్లీ ఆడించకూడదని నాకు తెలుసు. పరీక్షలో రాశాను కూడా. కానీ జనం అరుస్తుంటే "ఎవరూ ముట్టుకోవద్దు" అని గట్టిగా చెప్పడం నాకు అలవాటు లేదు. గొంతు పెగల్లేదు. పది నిమిషాలకు ఆ అబ్బాయి మళ్లీ కోర్టులోకి దిగాడు. రాత్రి వాంతులైతే గుంటూరు తీసుకెళ్లారు. కోలుకున్నాడు. ఆ రాత్రంతా నేను పడ్డ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు.

అమెరికాలో ఈ పనికే అథ్లెటిక్ ట్రైనర్లు ఉంటారు. జిమ్ ట్రైనర్లు వేరు, వీళ్లు వేరు. జట్టు వెంటే ఉండి, ఆటగాడు పడగానే మొదట చేరేది వీళ్లే. 2022 తర్వాత కొత్తగా చేరేవాళ్లకు అక్కడ దీనికి మాస్టర్స్ తప్పనిసరి అయింది. ఆ కోర్సులో కనీసం 4 వారాలు ఏకధాటిగా, పూర్తికాలం పనిలో ఉండాలి. ఆ పైన వృత్తి సర్టిఫికెట్ కోసం బోర్డు పరీక్ష. ఆటలో వడదెబ్బ తగిలితే "ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి" అన్నది వాళ్ల పద్ధతి. అందుకు చల్లటి నీళ్ల తొట్టి సిద్ధంగా ఉంచుకుంటారు. మే నెల ఎండల్లో పోటీలు పెట్టే మన ఊళ్లలో అలాంటి తొట్టి నేను ఒక్కచోటా చూడలేదు.

విజయవాడ, వరంగల్‌లలోని ఆరోగ్య విశ్వవిద్యాలయాలను నేను కోరేది ఒక్కటే. ఎంపీటీ స్పోర్ట్స్ చివరి ఏడాదిలో ప్రతి విద్యార్థినీ ఒక సీజన్ మొత్తం ఏదో ఒక జట్టుతో ఉంచండి. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ ఉంది, జిల్లాల్లో క్రీడా అకాడమీలు ఉన్నాయి. పడిపోయిన ఆటగాడి మెడ కదలకుండా పట్టుకోవడం, సీపీఆర్ చేయడం గదిలో కాకుండా మైదానంలోనే (సీపీఆర్ మాత్రం బొమ్మ మీదే) చేయించి మార్కులు వేయండి. మా చెల్లి చేరేలోపే ఈ మార్పు వస్తే బాగుంటుంది.

- ఒక స్పోర్ట్స్ ఫిజియోథెరపిస్ట్, నరసరావుపేట