ఆరు గంటల బ్యాచ్ ఎందుకు తీసేస్తున్నానంటే

బెంగళూరు మారతహళ్లిలో మన కసరత్తు సెంటర్‌కు వచ్చే పెద్దలకూ, వాళ్లను పంపిస్తున్న పిల్లలకూ నమస్కారం. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి పొద్దున ఆరు గంటల బ్యాచ్ ఉండదు, దాని బదులు ఎనిమిదిన్నరకు మొదలవుతుంది. బ్యాచ్‌కు ఎనిమిది మందికి మించి తీసుకోను. నెల ఫీజు 1,800 నుంచి 2,300 రూపాయలు అవుతుంది. డబ్బు సంగతి కూడా ముందే చెప్పేస్తే మంచిదనిపించింది.

ఆరింటికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి షుగర్ ఉంది. రాత్రి ఎనిమిదికి రెండు చపాతీలు తిని, పొద్దున చక్కెర లేని కాఫీ తాగి వచ్చేస్తారు. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడుతూ ఖాళీ కడుపుతో కసరత్తు చేస్తే షుగర్ 70 కిందకు జారిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఆ ముప్పు చాలా తక్కువ. బీపీకో గుండెకో వేసుకునే కొన్ని మాత్రల వల్ల లో షుగర్ వచ్చినా గుండెదడ, వణుకు తెలియవు. తెలిసేసరికి కళ్లు తిరిగి కింద పడి ఉంటారు. అందుకే టిఫిన్ తిన్నాకే రండి. ఇన్సులిన్ లేదా గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు లోపలికి రాగానే గ్లూకోమీటర్‌తో చూస్తాం. 90 కంటే తక్కువుంటే అరటిపండు తిని కాసేపు కూర్చోవాలి. 300 దాటి ఒంట్లో నలతగా కూడా ఉంటే ఆ రోజు చేయించను, మీ డాక్టర్‌కు ఫోన్ చేయమంటాను.

ఇక బ్యాచ్ చిన్నది చేయడం. "రోజూ నాలుగు కిలోమీటర్లు నడుస్తానమ్మా, ఇంకేం కావాలి?" అని బాబాయిగార్లు అడుగుతుంటారు. నడక షుగర్‌కు మంచిది, గుండెకు మంచిది, మానకండి. కానీ పడిపోకుండా ఉండాలంటే నడక ఒక్కటే చాలదు. తొడల్లో బలం కావాలి, తూలకుండా నిలబడే నిలకడ కావాలి, ఆ రెండూ విడిగా సాధన చేస్తేనే వస్తాయి. వృద్ధాశ్రమాల్లో కాక ఇళ్లలో ఉండే 60 దాటినవాళ్ల మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2019లో కాక్రేన్ సంస్థ సమీక్షించింది. నిలకడ, లేచి కూర్చోవడం లాంటి కసరత్తులు చేసినవాళ్లు పడిపోవడం దాదాపు నాలుగో వంతు తగ్గిందని తేలింది. షుగర్ ఉన్న పెద్దలు ఇలాంటివి వారానికి రెండు మూడు సార్లు చేయాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా చెబుతోంది.

షుగర్ ఉన్నవాళ్లకు ఇది ఇంకా ఎందుకు అవసరమో ఒక సంగతి చెబుతాను. నెల్లూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దమ్మగారు మెట్లెక్కి లోపలికి వచ్చారు. ఒక కాలికే చెప్పు ఉంది. రెండోది మెట్ల మీదే జారిపోయింది, ఆమెకు తెలియలేదు. చాలా ఏళ్ల షుగర్‌తో అరికాళ్ల నరాలు దెబ్బతింటే ఇలాగే అవుతుంది. నేల ఎక్కడుందో కాలు చెప్పదు కాబట్టి ఆ పని కళ్లు చేయాల్సి వస్తుంది. వెలుతురున్నంతసేపు బాగానే నడుస్తారు, రాత్రి బాత్రూమ్‌కు లేచినప్పుడు తూలుతారు. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే మీ నాన్నగారు వాష్‌బేసిన్ పట్టుకుంటున్నారేమో గమనించండి. అలా అయితే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు కాళ్లు చూపించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతుంటే బీ12 పరీక్ష గురించి కూడా అడగండి, అది తగ్గినా నరాలు దెబ్బతింటాయి.

ఇలాంటివాళ్లను ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లకు తగిలేలా నిలబెట్టి పది సెకన్లు ఆగమంటే, పక్కన చేయి అందే దూరంలో మనిషి ఉండాల్సిందే. ఇరవై మందిని వరసగా నిలబెట్టి మైకులో చెప్పే పని కాదు. అందుకే ఇంకో అసిస్టెంట్‌ను పెట్టుకున్నాను. పెరిగిన ఫీజులో ఎక్కువ భాగం ఆ జీతానికే పోతుంది. ఇప్పటికే మూడు నెలలకు కట్టినవాళ్లకు గడువు అయ్యేదాకా పాత ఫీజే.

మొదటి వారంలో అందరికీ కుర్చీ పరీక్ష ఉంటుంది. చేతులు ఛాతీ మీద కట్టుకుని అర నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో చూస్తాం. 70-74 ఏళ్ల మగవాళ్లు 12 కంటే, ఆడవాళ్లు 10 కంటే తక్కువసార్లు లేస్తే కాళ్లలో బలం పెంచాల్సిందే. షుగర్ వల్ల కంటి వెనక పొర (రెటీనా) దెబ్బతిన్నవాళ్లు ముందే చెప్పండి. ఊపిరి బిగబట్టేవీ, తల కిందకు వంచేవీ మీచేత చేయించను.

"షుగర్ పూర్తిగా పోతుందా?" అని అడిగేవాళ్లకు, ఆ మాట నేను ఇవ్వను. మాత్రలు తగ్గించడం, మానడం డాక్టర్ చెప్పాల్సిందే.

పిల్లలకు ఒక మనవి. ఊళ్లోని ఇంట్లో గరుకు గచ్చు మీద నడిచినవాళ్లకు మన అపార్ట్‌మెంట్ల నున్నటి టైల్స్ కొత్త. బాత్రూమ్‌లో తువ్వాలు ఆరేసే కడ్డీ మనిషి బరువు ఆపదు. గోడకు గట్టిగా బిగించే పట్టుకడ్డీ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, ఈ ఆదివారమే పెట్టించండి.

ఎనిమిదిన్నరకు రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో దింపి ఆఫీసుకు వెళ్లడం కష్టమని నాకు తెలుసు. అలాంటివాళ్లకు సాయంత్రం ఐదింటి బ్యాచ్ ఉంది, అందులో ఇంకా చోటుంది. వచ్చేటప్పుడు మందుల చీటీ తీసుకురండి. వెనక పట్టీ ఉన్న బూట్లు ఒక జత లోపల వేసుకోవడానికే విడిగా తెచ్చి ఇక్కడే ఉంచండి. గుమ్మం దగ్గర చెప్పులు విప్పే అలవాటు మనందరిదీ, కానీ షుగర్ ఉన్నవాళ్లను వట్టి కాళ్లతో ఏ కసరత్తూ చేయనివ్వను.