ఇంట్లో తెలుగు మానకండి: చిన్న తరగతుల తల్లిదండ్రులకు ఆగస్టు ఉత్తరం

అమ్మానాన్నలకు, పిల్లల్ని చూసుకుంటున్న అమ్మమ్మ, నాన్నమ్మ, తాతగార్లకు నమస్కారం.

బడి తెరిచిన దగ్గర్నుంచీ శిశుతరగతి తల్లులు ఎక్కువగా అడుగుతున్నది ఒకటే: "బడిలో ఒడియా కదండీ, ఇంట్లో కూడా ఒడియాయే మాట్లాడాలా?" అక్కర్లేదు. మీకు ధారాళంగా వచ్చిన భాషలోనే మాట్లాడండి.

పెద్ద, చిన్న, మీద, కింద, నిన్న, రేపు అనేవి తెలుగులో గట్టిగా తెలిసిన బిడ్డకు ఒడియాలో కొత్తగా రావలసింది పేరు మాత్రమే. పెద్ద అంటే ఏమిటో తెలిస్తే 'బడ' అన్న మాట తొందరగా పట్టేస్తుంది. ఆ తేడా ఏ భాషలోనూ తెలియని బిడ్డకు మాటా కొత్తే, సంగతీ కొత్తే. పైగా అమ్మ తనకు అంతంతమాత్రంగా వచ్చిన ఒడియాలో మాట్లాడితే 'రా, తిను, కూర్చో' దగ్గరే మాటలు ఆగిపోతాయి. కథ చెప్పలేదు, బుజ్జగించలేదు.

గిడుగు రామమూర్తి గారు మన పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు. ఈ నెల 29న ఆయన పుట్టినరోజు. ఇంటి భాష విలువ ఈ ఊరికి వేరే ఎవరో వచ్చి చెప్పాలా?

ఎలా మాట్లాడాలన్నది ముఖ్యం. సాయంత్రం చిక్కుడుకాయలు ఒలుస్తున్నారనుకోండి. మూడేళ్ళ పాప ఒక కాయ పట్టుకుని "పులుగు" అంటుంది. "ఆఁ, పురుగే. పచ్చ పురుగు. కాయలోకి ఎలా దూరిందో మరి?" అనండి. అని ఊరుకోండి. మనసులో ఐదు లెక్కపెట్టండి. మనం రెండు దాకా లెక్కపెట్టి, ఉండలేక జవాబు కూడా మనమే చెప్పేస్తాం. ఆ వయసు బిడ్డకు మాట వెతుక్కుని నోట్లో కూర్చుకోవడానికి ఆ కాస్త సమయం కావాలి. పాప కాయకున్న చిల్లు చూపించి ఊరుకున్నా అది జవాబే. "చిల్లు పెట్టుకుని లోపలికెళ్ళిందా!" అని దానికి మాట తొడగండి. 'పులుగు' అన్నందుకు మధ్యలో ఆపి దిద్దవద్దు. మీ నోట సరిగ్గా వింటూ ఉంటే అదే దారిలో పడుతుంది.

ఆ చిక్కుడుకాయే వేళ్ళకూ పని చెబుతుంది. ఈనె లాగాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలవాలి. పెన్సిలుకు కావలసిన పట్టు కూడా అదే. ఆ బలం రాకముందే మూడేళ్ళకు పలక చేతికిచ్చి దిద్దిస్తే బిడ్డ బలపాన్ని పిడికిట్లో బిగించి రాస్తుంది. అలవాటైన పిడికిలిని తర్వాత విడిపించడం చాలా కష్టం. ఐదేళ్ళ దాకా పిండి ముద్ద పిసకనివ్వండి, బొత్తాలు పెట్టుకోనివ్వండి, చింతపిక్కలు ఏరి కుప్పలు పెట్టనివ్వండి. అయితే మూడేళ్ళలోపు వాళ్ళకు పిక్కలు ఇవ్వకండి, గొంతులో అడ్డం పడతాయి. వేరుశెనగ గింజలు ఐదేళ్ళ దాకా పొడికొట్టే పెట్టండి.

అక్షరాల సంగతి. అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ వరస రెండు భాషల్లోనూ ఒకటే, అది మన పిల్లలకు పెద్ద సాయం. చిక్కు రూపం దగ్గర వస్తుంది: తెలుగులో సున్నలా ఉండే గుండ్రం ఒడియాలో 'ఠ'. అందుకని రెండు లిపులూ ఒకేసారి మొదలుపెట్టకండి. ఒకటి కుదురుకున్నాక రెండోది. బిడ్డ 'క'ను 'కొ' అన్నట్టు పలికితే తప్పనుకోకండి. ఒడియాలో అలాగే పలుకుతారు.

ఫోను విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ఇది: రెండేళ్ళలోపు తెర వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళకు రోజుకు గంటకు మించకూడదు. పనికి దూరం వెళ్ళిన నాన్న వీడియోలో మాట్లాడడం వేరు, దాన్ని మానిపించకండి. "తిన్నావా?" దగ్గర ఆపకుండా "పళ్ళెంలో ఏముంది, చూపించు" అనమని ఆయనకు చెప్పండి.

పొద్దున్నే టీలో బిస్కట్టు మాత్రం మానిపించండి. అన్నంలో, ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది. చోడి జావ పోయండి. మూడు, నాలుగేళ్ళ పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి.

రెండేళ్ళు నిండినా 'అమ్మ రా', 'పాలు కావాలి' వంటి రెండు మాటల జత రాకపోయినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా "రెండు భాషలు కదా, అందుకే ఆలస్యం" అని ఊరుకోకండి. రెండు భాషలు మాటను ఆపవు. రెండింట్లో వచ్చిన మాటలూ కలిపి లెక్కపెట్టాలి. ముందు వినికిడి చూపించండి. చెవి కారుతుంటే నూనె పోయకండి, పిన్ను పెట్టకండి. ఆశా కార్యకర్తకో అంగన్‌వాడీ టీచరుకో చెబితే పిల్లల ఆరోగ్య పరీక్షల బృందం దగ్గరికి పంపుతారు. ఖర్చు ఉండదు.

ఆగస్టు 10 నులిపురుగుల నివారణ దినం. ఏడాది నుంచి రెండేళ్ళ బిడ్డకు సగం మాత్ర, రెండేళ్ళు దాటితే ఒక మాత్ర. చిన్నపిల్లలకు నలిపి నీళ్ళలో కలిపి ఇవ్వాలి. ఏడుస్తున్నప్పుడు నోట్లో వేయకూడదు, శ్వాసలోకి పోతుంది. జ్వరంగా ఉంటే ఆ రోజు ఆపి, తగ్గాక టీచరుకు చెప్పండి. ఇంట్లో చిన్నబిడ్డ ఉంటే, మాత్రకు వచ్చేటప్పుడు ఆ బిడ్డ టీకాల కార్డు కూడా తీసుకురండి.

మీ
ప్రధానోపాధ్యాయులు