ఏకగ్రీవం కాదు, పోటీ లేదంతే

సంపాదకుడు గారికి,

నగరం పేజీల్లో తరచూ ఒక వార్త కనిపిస్తుంటుంది. ఫలానా క్లబ్బు కొత్త కార్యవర్గం ఏకగ్రీవంగా ఎన్నికైంది. పక్కనే శాలువాలతో ఫొటో. రెండేళ్ల కిందట అలాంటి వార్త ఒకటి నేనే రాసి పత్రికలకు పంపాను. తపాలా బిళ్ళలు, పాత నాణేలు సేకరించే మా క్లబ్బుకు ఆ ఏడాది ఎన్నికల అధికారిని నేనే. ఏడు పదవులు, ఏడు నామినేషన్లు. సమోసాలు చల్లారకముందే పేర్లు చదివేశాను. చప్పట్లు కొట్టారు. అయిపోయింది.

అయిపోయిందనుకున్నాను. వెనక వరుసలోంచి ఒక మేడం లేచి, "సార్, మిగతా ఆరుగురి విషయంలో నాకేం అభ్యంతరం లేదు. ట్రెజరర్‌గా మాత్రం ఆయన వద్దు. ఆ మాట ఎక్కడ చెప్పాలి?" అని అడిగారు. "అంత ఇష్టం లేకపోతే మీరే నిలబడాల్సింది మేడం" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "నాకు లెక్కలు రాయడం రాదు సార్. అందుకని రాసేవాళ్లను వద్దనే హక్కు కూడా పోతుందా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. బైలాస్ పుస్తకం తిరగేశాను, అందులోనూ లేదు. పత్రికలకు మాత్రం ఏకగ్రీవం అనే రాసి పంపాను.

గ్రీవమంటే మెడ. ఏకగ్రీవం అంటే అందరిదీ ఒకే మాట అని వాడుతున్నాం. మా హాల్లో ఆ రోజు కనీసం రెండు మాటలున్నాయి. అందరినీ అడిగితే అందరూ సరేననడం ఒకటి, ఎవరినీ అడిగే అవసరమే రాకపోవడం ఇంకొకటి. రెంటికీ ఒకే పేరు పెట్టుకున్నాం. రెండోదాన్ని 'పోటీ లేకుండా ఎన్నిక' అంటే సరిపోతుంది కానీ, ఆ మాటలో శాలువా కప్పేంత కళ లేదు. మీ విలేకరులైనా ఆ వార్త వేసే ముందు, ఓటు పెట్టారా, నామినేషన్లు ఎన్ని వచ్చాయి, ఎంతమంది వెనక్కి తీసుకున్నారు అని అడిగితే బాగుంటుంది. నన్నెవరూ అడగలేదు.

ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 53వ సెక్షన్ ప్రకారం అభ్యర్థులు, సీట్లు సమానమైతే పోలింగ్ లేకుండానే వాళ్లు గెలిచినట్టు ప్రకటించాలి. 2024లో సూరత్ లోక్‌సభ స్థానంలో జరిగింది అదే. ఒక ప్రధాన పార్టీ అభ్యర్థి నామినేషన్ చెల్లలేదు, మిగిలినవాళ్లు తప్పుకున్నారు, ఓటర్లు బూత్ గడప తొక్కకుండానే ఎంపీ వచ్చేశారు. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన నోటా అక్కడ పనికి రాలేదు. పోలింగే లేనప్పుడు మీట ఎక్కడ నొక్కుతారు? స్థానిక ఎన్నికల్లో హర్యానా, మహారాష్ట్ర ఎన్నికల సంఘాలు 2018లో నోటాను కూడా ఒక అభ్యర్థి కిందే లెక్కగట్టాయి. దానికే ఎక్కువ ఓట్లు పడితే మళ్లీ ఎన్నిక.

పార్లమెంటు సంగతి పెద్దలు చూసుకుంటారు. మా క్లబ్బు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన చిన్న సంఘం. ఎన్నిక ఎలా జరుపుకోవాలో బైలాస్‌లో మేమే రాసుకున్నాం. రాసుకున్నామనడం కూడా ఎక్కువే. ఇంకెవరిదో సంఘం కాగితాలు జిరాక్స్ తీసి, పేరు మార్చి పెట్టుకున్నాం. ఆ కాగితాల్లో సెక్షన్ 53 నీడ ఉంది. మార్చాలంటే జనరల్ బాడీలో తీర్మానం చేసి రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించుకోవచ్చు.

అసలు పోటీ ఎందుకు ఉండదో కూడా చెప్పాలి. నోటీసు వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వుల మధ్య వస్తుంది. గడువు రెండు రోజులు. ఒకసారి అది సంక్రాంతికి పడింది, సగం నగరం ఊళ్లకు వెళ్లిపోయి ఉంది. చందా బాకీ ఉన్నవాళ్లు నిలబడకూడదని రూలు, ఆ రసీదు ఇవ్వాల్సింది మళ్లీ నిలబడుతున్న ట్రెజరరే. ఇవన్నీ దాటి ఎవరైనా ఫారం నింపితే రాత్రికి ఫోన్ వస్తుంది. "అన్నా, ఈసారికి ఆగు. వచ్చేసారి నీకే. మనలో మనకు పోటీ ఎందుకు?" ఆ 'మనలో మనకు' అన్న మాటకు లొంగనివాళ్లు మా క్లబ్బులో తక్కువ. నేనూ ఒకసారి లొంగాను. ఆ వచ్చేసారి ఇంకా రాలేదు.

నిజాం రాజ్యం 1869లో తెచ్చిన మొదటి అణా తపాలా బిళ్ళ ఎవరైనా పట్టుకొస్తే, అది అసలుదా నకిలీదా అని భూతద్దాలు పెట్టుకుని రెండు గంటలు కొట్టుకుంటాం. మా చందా డబ్బులు చేతిలో పెట్టుకునే ఏడుగురికి పట్టింది ఐదు నిమిషాలు.

అవతలి పక్షం మాట కూడా నిజమే. సెక్రటరీ పని ఎవరికీ వద్దు. హాలు బుక్ చేయాలి, అద్దెకు చందాలు అడుక్కోవాలి, ఆడిటర్ చుట్టూ తిరగాలి, ఏటా కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. ఇంత చాకిరీ చేసే మనిషిని నిలబెట్టి అవునా కాదా అని ఓటు వేయడం అవమానం కాదా అని మా పాత అధ్యక్షుడు అడిగారు. కాదనుకుంటాను. ముప్ఫై మంది చీటీ మీద అవునని రాసిస్తే, ఆ మనిషికి రేపు సభ్యులను గట్టిగా నాలుగు మాటలు అనే బలం వస్తుంది. చప్పట్లతో ఆ బలం రాదు. పైగా చేతులెత్తమంటే ఎవరూ వద్దనరు, పక్క కుర్చీలో వాళ్ల బావమరిది ఉంటాడు. చీటీయే కావాలి.

నేను ఇచ్చిన ప్రతిపాదన పెద్దదేం కాదు. పోటీ ఉన్నా లేకపోయినా చీటీ పెట్టాలి. ఒక్కో పేరు ఎదురుగా అవును, కాదు. వచ్చినవాళ్లలో సగానికి మించి అవునంటేనే ఎన్నిక. లేదంటే ఆ ఒక్క పదవికి నెల రోజుల్లో మళ్లీ నామినేషన్లు పిలవాలి, అంతవరకు పాత మనిషి కరెంటు బిల్లు, అద్దె లాంటి ఖర్చులు తప్ప చెక్కుల మీద సంతకం పెట్టకూడదు. నామినేషన్లకు మూడు వారాల గడువు. వెనక్కి తీసుకున్నవాళ్ల పేర్లు కూడా సభలో చదవాలి.

ఇంకొకటి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. పదవులు ఏడుంటే నామినేషన్లు ఐదే వచ్చినప్పుడు ఏం చేస్తారు? సెక్షన్ 53లోనే దానికి దారి ఉంది: ఐదుగురిని ప్రకటించి, మిగిలిన సీట్లకు మళ్లీ ఎన్నిక పిలవాలి. జిరాక్స్‌లో ఆ ముక్క మాత్రం జారిపోయినట్టుంది. మా దగ్గర ఆ ఐదుగురు టీ తాగుతూ తమకు నచ్చిన ఇద్దరిని కో-ఆప్ట్ చేసుకుంటారు, అంటే ఎన్నిక లేకుండా తామే కార్యవర్గంలోకి తీసుకుంటారు. అలా వచ్చినాయన ఒకరు ఆరేళ్లుగా కార్యవర్గంలో ఉన్నారు. ఆయనకు ఇంతవరకు ఒక్క ఓటు కూడా పడలేదు, అవసరం రాలేదు. మంచి మనిషే. కానీ కో-ఆప్షన్ తర్వాతి జనరల్ బాడీ దాకానే ఉండాలి.

ఈ ఆగస్టు జనరల్ బాడీలో తీర్మానం పెడుతున్నాను. బలపరిచే సంతకం కోసం నలుగురిని అడిగితే ముగ్గురు 'మనలో మనకు ఎందుకు' అన్నారు. నాలుగో మనిషి ఆ మేడమే. రెండేళ్ల కిందట నేను వేసిన జోకు ఆవిడకు గుర్తుంది, నాకు చెప్పారు కూడా. సంతకం పెట్టి, చీటీలు వేసే డబ్బా చూపించమన్నారు. పాత బిస్కెట్ డబ్బా మూతకు సందు కోసి పెట్టాను, చూపించాను. "తాళం ఏది?" అని అడిగారు. కొనాలి.

ఇట్లు,
ఒక క్లబ్బు సభ్యుడు
నల్లకుంట, హైదరాబాద్