బస్తా రూ.266.50, లైను ఖర్చు అదనం: వ్యవసాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

యూరియా కోసం మండలంలో ఇచ్చిన అర్జీకి జవాబు రాలేదు. కలెక్టరేట్‌లో ఇచ్చినదానికి రసీదు ఒక్కటే మిగిలింది. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలకే ఇస్తున్నామని ప్రతి సభలో చెప్తున్నారు. నిజమే, సబ్సిడీకి దండం పెడతాం. కానీ ఆ ధరకు బస్తా చేతికి రావాలంటే ఇంకేం కట్టాలో మీ లెక్కల్లో ఎక్కడా కనిపించదు.

2025 వానాకాలం గుర్తు చేసుకోండి. తెల్లారకముందే ఎరువులమ్మే సహకార సొసైటీ ముందు చెప్పుల వరుస, పాస్‌బుక్కుల వరుస, రాళ్ల కింద ఆధార్ జిరాక్సులు. లారీ వస్తుందో రాదో చెప్పే దిక్కు లేదు. షట్టరు లేచాక మిషన్ మీద వేలిముద్ర పడదు. నాట్లేసి, కలుపు తీసిన చేతులకు గీతలెక్కడ మిగులుతాయి సార్? అదీ దాటితే, బస్తాతో పాటు నానో యూరియా సీసా, అదే నీళ్లలో కలిపి చల్లే ద్రవ యూరియా, కూడా కొనాల్సిందేనంటారు.

మనిషికి రెండు బస్తాలని హద్దు పెట్టారు. నాలుగెకరాలవాడికి రెండు, అరెకరంవాడికీ రెండే. ఏమైంది? చాలనివాడు భార్యను, తల్లిని కూడా లైనులో నిలబెట్టాడు. మీరేమో కొరతే లేదని ప్రకటన ఇచ్చారు. అది విన్నాక, ఆ వారం అవసరం లేనివాడు కూడా రేపు దొరకదేమోనని వచ్చి నిలబడ్డాడు. ధరను ఆపారు గానీ గిరాకీని ఆపలేకపోయారు, అది లైనులో బయటపడింది.

కూలి పోయింది, ఆటో కిరాయి అయింది, పిలకలు వేసే అదును దాటింది. ఇవన్నీ కలుపుకుంటే బ్లాకులో కొన్నవాడికీ మాకూ తేడా ఎంత? అతనిచ్చిన డబ్బు కనీసం ఒకడి జేబులో పడింది. లైనులో పోయిన మా రోజు ఎవరికీ దక్కలేదు, మీ ఖజానాకు కూడా.

పైగా రైతులు యూరియా అతిగా వాడుతున్నారని అధికారుల ఉపన్యాసాలు! యూరియా కిలో ఆరు రూపాయల లోపు, ఇంకో ఎరువు డీఏపీ కిలో 27 రూపాయలు. ఆ ధరలు పెట్టింది మేమా? ఏది చవకైతే చేయి దాని మీదికే పోతుంది. ఢిల్లీని అడిగితే పంపామంటారు, మిమ్మల్ని అడిగితే రాలేదంటారు. మధ్యలో కౌలు రైతుకు చూపించడానికి పాస్‌బుక్కే లేదు.

దయచేసి ఏ సొసైటీకి ఎన్ని బస్తాలు వస్తున్నాయో ముందురోజు సాయంత్రమే బోర్డు మీద రాయించండి. ఎకరాల లెక్కన టోకెన్ ఇవ్వండి, దాని మీద తేదీ వేయించండి. కౌలుదారు పేరు కూడా అందులో ఉండాలి. నానో సీసా ఇష్టమున్నవాడే కొంటాడు, బలవంతం ఆపించండి. లైను తగ్గించండి సార్, ఎలా తగ్గిస్తారో మీకే తెలియాలి. ఈ ఉత్తరానికి జవాబు రాయకపోయినా పర్వాలేదు, వచ్చే సీజన్‌కు ముందే ఆ బోర్డు పెట్టించండి.

ఇట్లు,
లైనులో నిలబడ్డ ఒక వరి రైతు