‘అద్భుతం’ అంటే కవికి ఏం తెలిసినట్టు?

సంపాదకులకు నమస్కారం.

ఔత్సాహిక కవుల ఆన్‌లైన్ బృందాల మీద మీ సాహిత్య పేజీలో వచ్చిన వ్యాసం చదివాం. చప్పట్ల బొమ్మలు, ‘అద్భుతం సార్’, ‘సూపర్ మేడమ్’ల మధ్య కవిత్వం చచ్చిపోతోందనీ, మొహమాటం లేకుండా చీల్చి చెండాడితే తప్ప బాగుపడదనీ వ్యాసకర్త తేల్చారు. రోగం ఉన్నమాట నిజమే. మందుతోనే మాకు పేచీ. పద్యానికొకటి, వచన కవితకొకటి ఇలాంటి బృందాలు నడుపుతున్నవాళ్లుగా మేం గమనించింది వేరు. ‘అద్భుతం’ అన్న మాట కొత్త కవికి ఎంత పనికిరాదో, ‘ఇది కవితే కాదు’ అన్న మాటా అంతే పనికిరాదు. రెండింట్లోనూ రాసినదాని ఊసే లేదు. పైన కవితను మార్చేసినా కింద ఆ వ్యాఖ్య అలాగే అతికిపోతుంది.

పద్యం సంగతే చూడండి. కొత్తగా ఆటవెలది పద్యం పట్టుకున్నవాళ్లు ఇలా మొదలుపెట్టారనుకుందాం:

వాన రాక ముందే గడపలో నిలిచింది
గొడుగు చేత పట్టి గోడ చాటు

‘ఛందస్సు తప్పింది, పెద్దల పద్యాలు బాగా చదవండి’ అంటే ఆ మనిషి మళ్లీ పద్యం జోలికి రారు. వచ్చినా అదే తప్పుతో వస్తారు. ఎక్కడ తప్పిందో చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. ఆటవెలది మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు రావాలి. గణమంటే గురు లఘువుల గుంపు. పలకడానికి ఎక్కువ సేపు పట్టే అక్షరం గురువు, తక్కువ పట్టేది లఘువు. సూర్యగణమంటే గలమో (ఒక గురువు, ఒక లఘువు) నగణమో (మూడు లఘువులు), అంతే. ‘వాన’, ‘రాక’ రెండూ గలాలే. ‘ముందే’లో రెండక్షరాలూ గురువులు కావడంతో అక్కడ గణం చెడింది. ‘ముందె’ అని హ్రస్వం చేస్తే సరిపోతుంది. ఆ హ్రస్వం చెవికి నచ్చకపోతే ‘మునుపు’ వేసుకోవచ్చు, మూడూ లఘువులు కాబట్టి నగణం. ఇక యతి. నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో కలవాలి. ‘వా’కూ ‘గ’కూ మైత్రి లేదు. ‘గడపలో’ తీసి ‘వాకిట’ పెడితే యతి కుదురుతుంది. అది భగణం (ఒక గురువు, రెండు లఘువులు), ఇంద్రగణాల్లో ఒకటి కాబట్టి గణమూ కుదురుతుంది:

వాన రాక ముందె వాకిట నిలిచింది

చాలామంది పెద్దలు ఇక్కడితో ఆగిపోతారు. గణాలూ యతులూ సరిచూసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఉచితంగానే దొరుకుతున్నాయి. ఈ మేరకు పని అవే చేసిపెడతాయి, అదీ విసుక్కోకుండా. అవి రెండో పాదానికి కూడా పూర్తి మార్కులు వేస్తాయి. ఐదూ సూర్యగణాలే, ‘గొ’కు ‘గో’ యతి. కానీ వాకిట్లో నిలబడ్డ మనిషి గోడ చాటున ఎలా ఉంటుంది? ‘గోడ చాటు’ యతి కోసం వచ్చి కూర్చుంది. దాన్ని పట్టుకోవడం చదివేవాళ్ల పని. పట్టుకున్నాక కూడా దిద్ది చేతిలో పెట్టక్కర్లేదు, ‘ఇంతకీ ఎవరికోసం నిలబడింది?’ అని అడిగితే చాలు. కవే వెతుక్కుంటారు. ‘గొడుగు చేత పట్టి కొడుకు కొరకు’ అని రావచ్చు. గకారానికి కకారంతో యతి చెల్లుతుంది, అచ్చు కూడా ఒకటే. తల్లి అన్న మాట ఎక్కడా లేకుండానే పద్యంలోకి తల్లి వచ్చింది. అదీ చెప్పండి కవికి. పొగడాల్సింది అక్కడే.

కంద పద్యంలో కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది జగణం (లఘువు, గురువు, లఘువు) దగ్గర. బేసి గణం జగణం కాకూడదన్న సూత్రం కంఠతా వచ్చే ఉంటుంది. రెండో పాదంలో రెండో గణం కదా, సరి స్థానమే కదా అని అక్కడ జగణం వేస్తారు. ఈ లెక్క పాదానికి పాదం విడిగా ఉండదు, మొదటి పాదం నుంచి వరసగా నడుస్తుంది. మొదటి పాదంలో మూడు గణాలు పోగా అది ఐదోది, అంటే బేసి. జగణమో నలమో (నాలుగు లఘువులు) తప్పనిసరిగా రావాల్సింది దాని పక్కనున్న ఆరో గణం. ఒక్కసారి ఇలా వేళ్ల మీద లెక్కపెట్టి చూపిస్తే మళ్లీ తప్పరు. సంయుక్తాక్షరం ముందున్న లఘువు గురువవుతుందన్న సూత్రం సంగతీ ఇంతే. ‘అతని ప్రేమ’ అన్నప్పుడు ‘ని’ లఘువుగానే ఉంటుంది, అవి విడి మాటలు గనక. ‘మాతృప్రేమ’ సమాసం కాబట్టి ‘తృ’ గురువవుతుంది.

వ్యర్థపదాలది మరో తంటా. ఇలలో, ధరణిన్, మహిని, సతతము, నిజము... వీటిని తీసేసి పద్యాన్ని మళ్లీ చదవమనాలి. అర్థం చెక్కుచెదరకపోతే అవి గణం నింపడానికి తెచ్చిన మాటలే. ‘మహిని’ కనిపించగానే పాదం మొదట్లో మకారం ఉండి ఉంటుందని అలవాటున్న కన్ను పసిగట్టేస్తుంది కూడా.

వచన కవితకు ఈ కొలతలు లేవు గనక వ్యాఖ్య ఇంకా కష్టం. ‘బాగుంది’ ఎక్కువగా వినబడేది అందుకే ఇక్కడ. బృందాల్లో రోజూ కనిపించే తరహాలో ఒకటి కట్టి చూపిస్తాం:

నీ జ్ఞాపకాల అలలు
నా మౌన తీరాన్ని తాకినప్పుడు
గుండె గూటిలో
కన్నీటి పక్షి రెక్కలు విదిల్చింది
నువ్వు వెళ్లిన రోజు నుంచి
రెండో తాళంచెవి మేకుకే వేలాడుతోంది

మొదటి నాలుగు పాదాల్లో సముద్రం, తీరం, గూడు, పక్షి. నాలుగు పాదాలకు నాలుగు బొమ్మలు, ఒకదానికొకటి పొంతన లేదు. అన్నీ ఇదివరకు ఎవరో ఎన్నోసార్లు వాడినవే. జ్ఞాపకాలు, మౌనం, గుండె, కన్నీరు అన్న నాలుగు మాటలూ కొత్త కవుల కవితల్లో దాదాపు జంటలుగానే తిరుగుతుంటాయి. ఐదో పాదంలో ఒక్కసారిగా నిజం మనుషులు కనిపించారు. ఆ ఇంట్లో ఇద్దరుండేవారని, తాళంచెవులు రెండని, ఒకటి ఇప్పుడు ఎవరూ తీయడం లేదని ఆ రెండు పాదాలే చెప్పేశాయి. ‘కవిత 5 దగ్గర మొదలైంది. 1 నుంచి 4 వరకు తీసేసి చదివితే ఏం పోయింది?’ ఇదీ మేం కోరే వ్యాఖ్య. ఇందులో పొగడ్త ఉంది, దిద్దుబాటు ఉంది, రెండూ ఒకే వ్యాఖ్యలో. దీనికి కొత్త కవులు నొచ్చుకోవడం చాలా తక్కువ. తాళంచెవి పాదాన్ని ఎవరో గుర్తుపట్టారన్న సంతోషం ముందుంటుంది. అసలు ప్రమాదం ఆ తర్వాత వస్తుంది. ఇంత బాగుందన్నారు కదా అని కవి ఏడో పాదం చేర్చి ‘ఒంటరితనపు తుప్పు పట్టి’ అని విప్పి చెప్పేస్తారు. అప్పుడు ఆపాలి.

నానీలు రాసేవాళ్లకు ఒక్క మాట. ఆచార్య ఎన్.గోపి రూపొందించిన ఈ ప్రక్రియకు నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు హద్దు. లెక్క కుదిరినంత మాత్రాన నానీ కాదు. ఒక వాక్యాన్ని నాలుగు ముక్కలు చేసి పంపేవే ఎక్కువ. మొదటి రెండు పాదాలూ చదివి, మిగతా రెండూ చేత్తో మూసి, ఏమొస్తుందో ఊహించగలిగామంటే అది వాక్యమే.

వ్యాఖ్యల్లో ఇంకో పొరపాటు గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. కవితలో ‘నేను’ అని ఉంటే అది రాసినవాళ్లేనని అనేసుకుంటారు. ‘ఏమైందమ్మా, ధైర్యంగా ఉండు’ అని ఓదార్పులు మొదలవుతాయి. వేదనో మోహమో రాసినది మహిళ అయితే ఇంటి విషయాలు ఆరా తీసేదాకా వెళ్తుంది. ఆ తర్వాత ఆమె పండుగ శుభాకాంక్షలు తప్ప ఏమీ రాయరు. ‘మీరు’ అనకుండా ‘కవితలో మాట్లాడే మనిషి’ అని రాయాలన్న నియమం పెట్టుకుంటే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. అయితే, అయినవాళ్లు పోయిన దుఃఖంలో రాసి పంపిన స్మృతి కవితకు గణాలు లెక్కపెట్టకూడదు. సలహా కావాలా వద్దా అని ముందు అడగాలి.

ఇక నడిపే తీరు. వందలమంది ఉన్న బృందంలో చర్చ జరగదు, జాతర జరుగుతుంది. పదిహేనుమంది దాటితే విడగొట్టడం మేలు. ఒకరు వారానికి ఒక కవితే పెట్టాలి. తనది పెట్టేముందు మరో ఇద్దరి కవితలకు వ్యాఖ్య రాసి ఉండాలి. ఈ ఒక్క షరతుతోనే రోజుకు మూడేసి కవితలు గుమ్మరించి మాయమయ్యేవాళ్లు దారికొస్తారు, లేదా వెళ్లిపోతారు. పాదాలకు అంకెలు వేసి పంపాలి. పొడుగు పాదం ఫోను తెర మీద దానంతటదే విరిగి కింది వరసలోకి పడుతుంది. కవి విరిచారో తెర విరిచిందో చదివేవాళ్లకు తెలియదు. అంకె ఉంటే తెలుస్తుంది, ‘7 దగ్గర ఆగిపోయాను’ అని చెప్పడానికీ వీలవుతుంది. ఇది తొలి ప్రతా, పత్రికకు పంపబోయేదా అన్నది కవి పైన ఒక ముక్క రాయాలి. ఏం అనుమానమో కూడా రాస్తే మంచిది.

వ్యాఖ్య నాలుగైదు వాక్యాలు చాలు. నిలిచిన పాదం ఏది, తడబడిన చోటు ఏది, అడగాలనిపించిన ప్రశ్న ఏమిటి. మొదటిసారి పంపినవాళ్లకు పది తప్పులున్నా ఒక్కటే చెప్పాలి, పెద్దది. అచ్చుతప్పులు, ల-ళ, న-ణ తేడాలు, ఒత్తులు కవిత్వ చర్చలో కలపకూడదు. వాటిలో సగం కీబోర్డు చేసినవే, విడిగా సందేశం పెడితే సరిపోతుంది. వ్యాఖ్యలన్నీ వచ్చేదాకా, కనీసం ఒక రోజు, కవి నోరు విప్పకూడదు. ‘నా ఉద్దేశం అది కాదండీ’ అని మొదటి వ్యాఖ్యకే జవాబు చెబితే రెండో వ్యాఖ్య రాయబోయేవాళ్లు ఆగిపోతారు. ఒకే పాదం దగ్గర ఇద్దరు ముగ్గురు తడబడితే అక్కడ పని ఉన్నట్టే. ఒక్కరే అంటే, ఆ ఒక్కరి అభిరుచి కావచ్చు.

వీటన్నిటికన్నా బాగా పనిచేసేది ఒకటుంది. కవి కాకుండా వేరొకరు, ముందు చదువుకోకుండా, కవితను గట్టిగా చదివి రికార్డు చేసి పంపడం. రాసినవాళ్లు చదివితే తప్పులు గొంతుతో కప్పేస్తారు. ఎదుటివాళ్లు చదివినప్పుడు ఊపిరి ఎక్కడ అందలేదో, ఏ మాట రెండుసార్లు పలికారో వినబడుతుంది. పాదం ఎక్కడ విరవాలన్న వాదన చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది.

రోజుకో అంశం ఇచ్చి, పాల్గొన్న అందరికీ ప్రశంసాపత్రం పంపే పోటీల గురించి మీ వ్యాసకర్త అన్నదాంతో మాకు విభేదం లేదు. బిరుదుల సంగతి చెప్పనే అక్కర్లేదు. పత్రంలో పేరు తప్ప కవిత గురించి ఒక్క అక్షరం ఉండదు. ఆ పత్రం తయారుచేసే సమయంలో ముగ్గురికి మూడు పాదాల గురించి చెప్పొచ్చు. అచ్చు ఖర్చు కవుల దగ్గరే వసూలు చేసి వేసే సంకలనాలకు డబ్బు కట్టేముందు, సంపాదకులు ఎవరి కవితనైనా తిప్పి పంపారా అని ఒక్క ప్రశ్న అడగమని మా సభ్యులకు చెబుతుంటాం.

కొత్తవాళ్లకు తెలియక జరిగే నష్టం మరొకటి ఉంది. కవిత ఇంతవరకు ఎక్కడా ప్రచురితం కాలేదన్న హామీ పత్రం చాలా పత్రికలు అడుగుతాయి. అందరికీ కనిపించే చోట పెట్టిన కవితను కొన్ని పత్రికలు ప్రచురితం కిందే లెక్కేస్తాయి. కాబట్టి చిత్తుప్రతిని సభ్యులు మాత్రమే చూసే చోటే పెట్టాలి. బయటికి పంపకూడదన్న మాట బృందం మొదటి నియమంగా ఉండాలి. పేరు తీసేసి పంచుకునేవాళ్ల బెడద కూడా దీనితో కొంత తగ్గుతుంది.

చివరగా మీకో విన్నపం. కొత్త కవుల్ని పత్రికాముఖంగా, కవితలోకి వెళ్లి మరీ పరిచయం చేసిన విమర్శకులు చేకూరి రామారావు గారి ‘చేరాతలు’ శీర్షిక మీ పాఠకులకు తెలియనిది కాదు. అంత పెద్ద శీర్షిక అడగడం లేదు. నెలకోసారి, కవి అనుమతితో, ఒకే కవిత రెండు ప్రతులు పక్కపక్కన వేయండి. చిత్తుప్రతి ఒకటి, దిద్దుకున్నది ఒకటి. మధ్యలో ఏ పాదం ఎందుకు మారిందో నూట యాభై మాటల్లో ఒక వివరణ. ఇరవై పాదాలు దాటని కవితైతే మొత్తం పావు పేజీ కూడా పట్టదు. అలాగే ‘ప్రచురణకు స్వీకరించని కవితలు తిప్పి పంపడం సాధ్యం కాదు’ అని మీరు వేసే గమనిక కింద, ఆ నెల వచ్చిన కవితల్లో ఎక్కువగా కనిపించిన లోపం ఏదో ఒక్క వాక్యం చేర్చండి. మొదటి నెలకు కావలసిన చిత్తుప్రతులు, వ్యాఖ్యలతో సహా, మా సభ్యుల అనుమతి తీసుకుని మేం పంపుతాం.

ఇట్లు,
పద్య, వచన కవితా బృందాల నిర్వాహకులు